పేరులో సగం దారి

తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డూ. మిఠాయికి ఊరి పేరు తగిలించడం మనకి మామూలే. ‘పారిస్-బ్రెస్ట్’ అనే ఫ్రెంచి మిఠాయికి మాత్రం రెండు ఊళ్ల పేర్లున్నాయి. వింటే ఏదో ఎక్స్‌ప్రెస్ రైలేమో అనిపిస్తుంది. మరీ దూరమేం కాదు, నిజంగానే అదొక దారి పేరు.

1891లో పియేర్ జిఫార్ అనే పాత్రికేయుడు ‘ల పెతీ జుర్నాల్’ పత్రిక తరఫున ఒక సైకిల్ పందెం పెట్టాడు. పారిస్ నుంచి పడమటి తీరాన ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్లి, మళ్లీ పారిస్ చేరాలి. దాదాపు 1200 కిలోమీటర్లు. అప్పటి సైకిళ్ల మీద, అప్పటి రోడ్ల మీద! షార్ల్ తెరోఁ అనే ఆయన 71 గంటల 22 నిమిషాల్లో తిరిగొచ్చి గెలిచాడు. అందరికీ తెలిసిన టూర్ ద ఫ్రాన్స్ దీనికంటే పన్నెండేళ్లు చిన్నది. జిఫార్ ఉండేది పారిస్ పక్కనున్న మెజోఁ-లఫీత్‌లో. ఆ ఊళ్లోనే లూయీ దురాఁ అనే ఆయనకి పేస్ట్రీ కొట్టు ఉండేది. పందెం గుర్తుగా ఏదైనా చెయ్యమని జిఫార్ అడిగితే, 1910లో దురాఁ సైకిల్ చక్రం చేశాడు. మధ్యలో ఖాళీ, పైన బాదం పలుకులు, లోపల క్రీము. తమాషా ఏంటంటే ఆ ఏడు పందెమే లేదు. అప్పట్లో అది పదేళ్లకోసారి, తర్వాతిది 1911లో.

ఇప్పుడది పందెం కాదు. నాలుగేళ్లకోసారి మామూలు మనుషులు తొక్కుతారు, ఎక్కువమందికి గడువు 90 గంటలు. వెళ్లాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్లు వేరువేరుగా తొక్కి చూపించాలి. 2023 ఆగస్టులో హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లలో మా అన్నయ్య ఒకడు. బ్రెస్ట్ చేరాడు. తిరుగు దారిలో లూదేయాక్ అనే ఊళ్లో మోకాలు పట్టేసి ఆగిపోయాడు. ఇంటికొచ్చాక సైకిల్ మీద పాత దుప్పటి కప్పి బాల్కనీలో పెట్టేశాడు. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే బరువుగా ఉండేది. నాకు ఇలాంటప్పుడు మాటలు రావు, అందుకని పిండి కలిపాను.

దీని పిండిని షూ పేస్ట్రీ అంటారు. ఫ్రెంచిలో ‘షూ’ అంటే క్యాబేజీ, కాలికి వేసుకునే దానితో సంబంధం లేదు. నీళ్లు, వెన్న మరిగించి అందులో మైదా ఒక్కసారే పోసి తెడ్డుతో తిప్పడం, అచ్చం అప్పాలకి పిండి ఉడికించినట్టే. ముద్ద గిన్నె అంచులు వదిలాక దించి, కాస్త చల్లారనిచ్చి, గుడ్లు ఒక్కోటీ కలపాలి. ఈస్టు లేదు, సోడా లేదు. పిండిలోని నీళ్లే ఆవిరై దాన్ని పైకి తోస్తాయి. గుడ్డూ మైదా గట్టిపడి ఆ పొంగుని నిలబెడతాయి. గట్టిపడక ముందే ఒవెన్ తలుపు తీస్తే అంతా చప్పబడిపోతుంది. ముప్పావు గంట సేపు అద్దంలోంచి చూడ్డం తప్ప మనం చెయ్యగలిగిందేం లేదు.

లోపలి క్రీముకి ప్రాణం ప్రాలీన్. బాదం, హేజెల్‌నట్లు ముదురు పాకంలో వేసి, ఆరాక ముద్దయ్యేదాకా రుబ్బడమే. జీడిపప్పు అచ్చుని ఓపిగ్గా మిక్సీలో తిప్పుకున్నట్టు. హేజెల్‌నట్ల ధర చూసి నేను సగం జీడిపప్పు వేశాను, దురాఁగారు క్షమించాలి. ఆ ముద్దని పాలు-గుడ్ల కస్టర్డ్‌లో, బోలెడంత వెన్నతో గిలక్కొట్టి, అడ్డంగా కోసిన చక్రంలో నింపాలి.

పేరు చెప్పొద్దనే అనుకున్నాను. అమ్మ చెప్పేసింది.

అన్నయ్య ప్లేటు వైపు కాసేపు చూశాడు. “పారిస్-బ్రెస్టేనా? మళ్లీ పారిస్ లేదా?”

“లేదు. పేరు అంతే.”

“అయితే ఇది నేను పూర్తి చేశానే!” అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు, అర్ధరాత్రి పల్లెటూళ్లలో జనం ఇళ్ల ముందు బల్లలు వేసుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్లకి కాఫీ పోస్తారని. ఓ ముసలావిడ తనని కుర్చీలో కూర్చోబెట్టి, సరిగ్గా పదిహేను నిమిషాలకి లేపిందని. చెబుతూనే ఇంకో ముక్క కొయ్యమన్నాడు. అమ్మ వాడి షుగరు గురించి ఏదో అనబోయి ఊరుకుంది.