అమ్మ క్యాపులో ఏముంది?

మా ఉరవకొండలో నోట్లో ఏం తేడా వచ్చినా తప్పు నీళ్ళ మీదే వేస్తారు. అనంతపురం జిల్లా నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువే. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది. కానీ ఆ మచ్చలు చిన్నప్పుడు, పన్ను తయారయ్యేటప్పుడు పడేవి. యాభై నాలుగేళ్ళ మా అమ్మకు దవడపన్నుకు క్యాపు వేయించిన మూడు వారాలకు మొదలైన మంట అది కాదు.

"ఏం తిన్నా అగ్గి తిన్నట్టుండాది రా" అనేది. ఊరిబిండి మానేసింది. ముద్ద మజ్జిగలో కలుపుకుని మింగేది. క్యాపు ఆనుకునే చోట బుగ్గ లోపల తెల్లటి గీతలు, చుట్టూ ఎరుపు. బి కాంప్లెక్స్, జెల్, ఫంగస్ మందు అన్నీ అయ్యాయి. షుగర్ లేదు. అలర్జీ ఏమోనని ఐజీఈ రక్తపరీక్ష కూడా చేయించాం. నార్మల్!

ఐజీఈ వెంటనే వచ్చే అలర్జీలకు సంబంధించింది. లోహాల అలర్జీ వేరే రకం, బయటపడటానికే రెండు మూడు రోజులు తీసుకుంటుంది. ఆ రక్తపరీక్షలో దొరకదు.

అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ పళ్ళ సంగతి అడగనేలేదు. "గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు దురద పెడతాయా?" అంది. అమ్మ నవ్వేసింది. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న బాధే! గిల్టు నగల్లో, జీన్స్ గుండీల్లో ఉండే నికెలే చవక క్యాపుల్లోనూ ఉంటుందట. పైకి తెల్లటి పింగాణీ, లోపల చాలాసార్లు నికెల్-క్రోమియం. అందులో సగానికి పైగా నికెలే.

ప్యాచ్ టెస్ట్ బెంగళూరులో చేయించాం. 1895లో యోసెఫ్ యాడాసోన్ అనే జర్మన్ డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. వాజలైన్‌లో 5 శాతం నికెల్ సల్ఫేట్, కోబాల్ట్, క్రోమియం, కట్టుడుపళ్ళలో వాడే యాక్రిలిక్ పదార్థం... ఒక్కోటీ చిన్న గిన్నెలో పెట్టి వీపుకు అతికిస్తారు. 48 గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మా ఊరి ఎండలో అయ్యే పనేనా? తీసినరోజు ఒకసారి, నాలుగోరోజు ఇంకోసారి చూస్తారు. నికెల్ దగ్గర ఎర్రగా పొక్కింది. మిగతావి శుభ్రం.

అయితే అక్కడితో తేలిపోలేదు. వీపు మీద పొక్కితే నికెల్ పడదని తెలుస్తుంది గానీ, నోటి మంటకు కారణం అదేనని కాదు. నికెల్ పడని చాలామంది నోట్లో క్యాపులు ఏ గొడవా లేకుండా ఉంటాయి. క్యాపులో నికెల్ ఉండాలి, పుండు దానికి ఆనుకునే ఉండాలి, తీస్తే తగ్గాలి. మొదటిదానికే మా దగ్గర జవాబు లేదు. బిల్లు మీద "మెటల్ సిరామిక్ క్యాప్" అని తప్ప ఏమీ లేదు. ల్యాబ్ ఏదో, లోహం ఏదో రాయలేదు. యాభై రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద అన్ని పదార్థాలూ అచ్చేస్తారు, పదేళ్ళు నోట్లో ఉండేదాని మీద ఒక్క ముక్క లేదు!

నాలుగు ఫోన్ల తర్వాత ల్యాబ్ వాళ్ళు వాట్సాప్‌లో మిశ్రమలోహం డబ్బా ఫొటో పంపారు. నికెల్ ఉంది. క్యాపు కోయించి జిర్కోనియాది వేయించాం. రెండు నెలల్లో బుగ్గ మీద గీతలు పోయాయి. మంట చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. బి12 తక్కువగా ఉందని తేలింది, దానికి మందు నడుస్తోంది.

ప్యాచ్ టెస్ట్ కాగితం అమ్మ ఆధార్ కార్డుతో పాటు దాచుకుంది. మోకాలి ఆపరేషన్ మాట వస్తే ముందు అదే చూపిస్తుందట.