వింత నాణెం, విలువైన నాణెం

చిల్లరగా చేతికి వచ్చిన నాణెం తక్కినవాటికి భిన్నంగా కనిపిస్తే, దానికి ముఖ విలువను, అంటే దాని మీద ముద్రించిన మొత్తాన్ని, ఎన్నో రెట్లు మించిన ధర పలుకుతుందన్న నమ్మకం తెలుగునాట బాగా వ్యాపించింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకూ, ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటుకూ లక్షలు వస్తాయని చెప్పే ప్రకటనలు ఈ నమ్మకాన్ని పెంచి పోషిస్తున్నాయి. దీన్ని పరీక్షించి చూడడానికి తడ తగిన ఊరు. చెన్నై–కోల్‌కతా రహదారి మీద తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న ఈ ఊళ్లో (2022 వరకు నెల్లూరు జిల్లాలోది, నేడు తిరుపతి జిల్లాలోది) లారీలవాళ్ళూ, శ్రీసిటీ పారిశ్రామికవాడ కార్మికులూ, ప్రళయకావేరి (పులికాట్) సరస్సులో పక్షులను చూడవచ్చేవారూ ఇచ్చిపుచ్చుకొనే చిల్లరలో దేశంలోని నాలుగు టంకశాలల నాణేలూ కలిసిపోతాయి. టంకశాల అంటే నాణేలు ముద్రించే ప్రభుత్వ కర్మాగారం. సంవత్సరపు అంకె కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా టంకశాలదని పోల్చుకోవచ్చు. ఒకే ఏట ఒకే నాణేన్ని ఒక టంకశాల కోట్లలోనూ మరొకటి చాలా తక్కువగానూ ముద్రించి ఉండవచ్చు కాబట్టి, తెలిసిన సేకర్త కన్ను బొమ్మ కంటే ముందు ఈ చిన్న గుర్తు మీదకే పోతుంది.

చూపుకు వింతగా ఉండడానికీ సంఖ్యలో అరుదుగా ఉండడానికీ మధ్య ఎంత దూరముందో చిల్లికానీ చక్కగా చెబుతుంది. కానీ అంటే అణాలో నాలుగో వంతు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు దాన్ని నడుమ గుండ్రని రంధ్రంతో ముద్రించారు. నేటి పిల్లల కంటికి అది ఎంత విచిత్రంగా తోచినా, కోట్ల సంఖ్యలో అచ్చయినది కాబట్టి సేకర్తల దగ్గర కొద్దిపాటి ధరకే దొరుకుతుంది. 1968 నుంచి కొద్దికాలం వెలువడిన తామరపువ్వు ఇరవై పైసల పచ్చని బిళ్ళను లక్ష్మీపూజ కోసం ఎన్నో ఇళ్లలో దాచిపెట్టారు. అంతమంది దాచినందువల్లనే అది ఈనాటికీ కొరత లేకుండా దొరుకుతున్నది. 1911లో ఐదవ జార్జి వెండి రూపాయి మీద, రాజు ఉత్తరీయంలోని ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందన్న అభ్యంతరం రాగా, ముద్రించిన దాదాపు 94 లక్షల నాణేలలో ప్రజల చేతికి చేరినవి సుమారు 7 లక్షలు మాత్రమే; మిగిలినవాటిని కరిగించివేసి, మరుసటి ఏడు బొమ్మను సవరించారు. దీనికి వెండి విలువను మించిన ధర ఉన్న మాట నిజమేగాని, ఏడు లక్షలన్నది చిన్న సంఖ్య కాదు. ఇక 1939 నాటి ఆరవ జార్జి రూపాయిలో కంటికి ఆనే వింత ఏదీ లేదు, సంవత్సరం తప్ప అంతా మామూలే. అయినా చాలావరకు కరిగిపోయి మిగలనందువల్ల సేకర్తలు దానికోసమే వెతుకుతారు, ఆ వెతుకులాటను చూసే నకిలీలూ పుట్టాయి.

నిజంగా ధర పలికే వింతలు కొన్ని లేకపోలేదు. అవి చాలావరకు ముద్రణలో జరిగిన పొరపాట్లు: బిళ్ళ పక్కకు జరిగి బొమ్మ సగమే పడడం, రెండు లోహాల పది రూపాయల నాణెంలో నడిమి భాగం లేకుండానే బయటికి రావడం, అచ్చుకు అతుక్కుపోయిన నాణెం తరువాతి బిళ్ళను నొక్కగా బొరుసు ఉండవలసిన వైపున కూడా బొమ్మే తిరగబడి గుంటగా పడడం వంటివి. వీటికి కూడా ధర ఆ పొరపాటు ఎంత స్పష్టంగా ఉందన్నదానిమీద, నాణెం ఎంత అరగకుండా ఉందన్నదానిమీద ఆధారపడుతుంది. ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు పాత నాణేన్ని చింతపండుతో తోమి మెరిపించేవారు దాని విలువను తమ చేతులతోనే తుడిచివేస్తున్నారు. కాలం పట్టించిన రంగే దాని వయస్సుకు సాక్ష్యం.

పది రూపాయల నాణెం చెల్లదన్న వదంతితో తెలుగు జిల్లాల్లో ఎన్నో దుకాణాలు దాన్ని తీసుకోవడానికి నిరాకరించగా, వేర్వేరు రూపాలలో ఉన్న 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చింది. కొత్తగా కనిపించిన నాణెం నకిలీ అన్న భయమూ, లక్షలు తెస్తుందన్న ఆశా ఒకే తెలియనితనంలో నుంచి పుట్టినవే. ఆ ఆశను ఆసరా చేసుకొని, నాణెం కొంటామని నమ్మించి కమిషననీ పన్ననీ ముందుగా సొమ్ము రాబట్టే మోసగాళ్లు తన పేరునే వాడుకుంటున్నారని అదే బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది; పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, ఆ పేరుతో రుసుములు వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. అమ్మేవాడి చేత ముందుగా డబ్బు కట్టించుకొనే బేరం మోసమే.

తడ ప్రాంతానికి ఈ చిల్లర కంటే లోతైన నాణేల చరిత్ర ఉంది. ప్రళయకావేరి సరస్సుకే దక్షిణాన పులికాట్‌లో, 1613లో పూర్తయిన గెల్డ్రియా కోటలో డచ్చి ఈస్టిండియా కంపెనీ టంకశాల నడిపి బంగారు వరహాలనూ, తన అక్షరాలు పెనవేసిన గుర్తుతో రాగి కాసులనూ ముద్రించింది. ఉత్తరాన నెల్లూరు సమీపంలో 1786లో రాతిగుట్ట పక్కన దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగలగా, తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలమూ, దాని అడుగున ఒక కుండలో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలూ బయటపడ్డాయి. అతడు వాటిని పాత బంగారం కింద అమ్మివేయగా చాలావరకు కరిగిపోయాయి. అమీరుల్ ఉమరా అనే నవాబు చేజిక్కించుకొన్నవి ముప్పైకి పైచిలుకు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటి గురించి లేఖ రాసినందువల్ల ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలూ, ఫౌస్టీనా రాణి నాణేలూ అందులో ఉన్నట్టు లోకానికి తెలిసింది. కొన్నింటికి బెజ్జాలున్నాయి; కాసులపేరులోని కాసుల్లాగే అవీ ఎవరి ఒంటిమీదనో నగలుగా వేలాడినవి. కరిగిన నాణేల బంగారానికి ధర కట్టగలిగారుగాని, రోముతో ఈ తీరం సాగించిన వర్తకం గురించి అవి చెప్పగలిగిన సాక్ష్యాన్ని మళ్ళీ తేలేకపోయారు.

అందుచేత తడ చుట్టుపక్కల పొలంలోనో సరస్సు గట్టునో పాత నాణెం దొరికినవారు దాన్ని తోమకుండా, కరిగించకుండా, ఎక్కడ ఎంత లోతున దొరికిందో వెంటనే రాసిపెట్టుకోవాలి. పది రూపాయల విలువ మించిన నిక్షేపం నేలలో దొరికితే ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతున్నది.