మీ గేజీ ఎంత చూపిస్తోంది?

గోదావరిఖనిలో ఎవరింట్లో కూచున్నా మాట తిరిగి తిరిగి బొగ్గు బాయి దగ్గరికే పోతుంది. ఇయ్యాల నా ముచ్చట కూడా బాయిదే, రెస్క్యూ జట్టుది.

గనిలో మంట అంటుకున్నా, విషవాయువు కమ్ముకున్నా, ఆక్సిజన్ పరికరం వీపున వేసుకొని లోపలికి పోయేది వీళ్ళే. నాయకుడు మధ్యమధ్య ఆగి ఒక్కొక్కరి గేజీ చూస్తాడు. అందరికంటే తక్కువ ఆక్సిజన్ ఎవరికి మిగిలిందో, జట్టు ఎప్పుడు వెనక్కి తిరగాలో తేల్చేది ఆ గేజీయే. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే జట్టంతా కలిసి బయటికి రావాలి. అతనొక్కణ్ణే పంపి మిగతావాళ్ళు ముందుకు పోవడం ఉండదు. అక్కడ “నాకేం కాలే, పోదాం పా” అని దాచేవాడి వల్లే అందరికీ ముప్పు. నాకు ఆయాసంగా ఉందని చెప్పడం కూడా పనిలో భాగమే.

ఇంత మంచి నియమం మన ఊళ్ళోనే ఉన్నా, దాన్ని మనం బాయి దాటి ఇంటికి తెచ్చుకోలేదు. నైట్ షిఫ్టు దిగొచ్చి కునుకైనా పట్టని మనిషికి నడుం నొప్పితో ఒక నాగా పడిందనుకోండి. ఇక రోజంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంటాడు. అదే నొప్పి పక్క క్వార్టర్ అన్నకు వస్తే “ఇయ్యాల పండుకో అన్నా, బాయి యాడికీ పోదు” అంటాడు. ఆ మాట తనకు తాను చెప్పుకోడు.

అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త 2003లో ఇట్లా తన మీద తాను దయ చూపుకోవడం గురించి రాశారు. ఆమె చెప్పినవి మూడు: కష్టంలో మనతో మనం దయగా ఉండడం, తడబడేది మనమొక్కరమే కాదని గుర్తుంచుకోవడం, బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడడం. అట్లా అయితే మనిషి సోమరి అవుతాడని మన పెద్దలకు భయం. బర్క్‌లీలో బ్రైన్స్, చెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది దీనికి తలకిందులు. పరీక్షలో తప్పి, తమ మీద తాము దయ చూపుకున్నవాళ్ళే రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు.

మన పాత గనుల చట్టాన్ని కూడా కొంత ఆలోచించే రాశారు. 1952 చట్టంలో జీతంతో సెలవు రావడానికి ఉపరితలంలో పనిచేసేవారికి 240 హాజర్లు కావాల్సి ఉండేది, భూగర్భంలో దిగేవారికి 190 సరిపోయేవి. సెలవు లెక్క కూడా పైవారికి 20 రోజులకు ఒకటి, కిందివారికి 15 రోజులకు ఒకటి. కింద దిగే ఒంటికి విశ్రాంతి ఎక్కువ కావాలని చట్టమే ఒప్పుకున్నాక మనమెందుకు మొహమాటపడాలి?

ఈ మాట బాయిలో దిగేవారికే కాదు, రాతగాళ్ళకూ వర్తిస్తుంది. ఈ బొగ్గు నేల మీద పాట కట్టేవాళ్ళకు, కథ రాసేవాళ్ళకు ఎన్నడూ కొదవ లేదు. మంథని దగ్గరి గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య, సాహు అనే మరో రచయితతో కలిసి ‘కొమురం భీం’ నవల రాశారు. ఒక నవలను ఇద్దరు రాయడమంటే మాటలా? నీ వాక్యం బాగాలేదని ఒకరంటే, రెండోవారు దాన్ని వాక్యం వరకే తీసుకోగలగాలి. నేనే బాగాలేనని కుమిలిపోయేవాడు దిద్దనివ్వడు, ఎదుటివాడిని దిద్దనూ లేడు. నా ఉద్దేశంలో ఎన్నో సాహితీ బృందాలు చెదిరిపోయింది సిద్ధాంతాల తేడాతో కాదు, ఈ కుమిలిపోవడంతోనే. 2010లో జబెలీనా, రాబిన్సన్ అనే పరిశోధకులు విద్యార్థులతో చేసిన ప్రయోగం కూడా దీనికి దగ్గరగానే ఉంది. తమను తాము గట్టిగా తప్పుపట్టుకునే పిల్లల చేత ముందు తమ మీద దయతో ఆలోచింపజేస్తే, వాళ్ళ ఊహల్లో కొత్తదనం పెరిగింది.

మీ దగ్గర సగంలో ఆగిన పాటో కథో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఒళ్ళు వద్దంటే ప్లేడే (సెలవురోజు డ్యూటీ) వదిలేయండి. కడుపునిండా నిద్రపోయి, ఆ కాగితాలు పట్టుకొని ఒక దోస్తు ఇంటికి పోండి. ఎక్కడ ఆగిపోయారో చదవకముందే చెప్పండి.