చుట్టాలొస్తేనే చార్మినార్

హైదరాబాద్‌లో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లని ఒక్కసారి అడిగి చూడండి... చార్మినార్ ఎక్కి ఎన్నాళ్లయిందని. 'మా బాబాయి వాళ్లు వచ్చినప్పుడు' అంటారు. గోల్కొండ? 'మా తోడికోడలి తమ్ముడు పరీక్ష రాయడానికి వచ్చాడుగా, అప్పుడు.' సాలార్‌జంగ్ మ్యూజియం? అదీ అంతే. 1591లో కట్టిన చార్మినార్ ఎటూ పోదన్న ధీమా కావచ్చు, ఆదివారం పూట మంచం దిగబుద్ధి కాకపోవడం కావచ్చు... ఊరి నుంచి ఎవరో ఒకరు సంచీ పట్టుకుని దిగితే తప్ప నగరంలో ఉన్నవాళ్లకి నగరం గుర్తుకురాదు.

కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీలో, మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లోనూ ఇదే వరస. ఆయన బ్యాంకు ఉద్యోగి. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. పిల్లాడు ఏడో తరగతి. ముగ్గురూ కలిసి గోల్కొండ నాలుగుసార్లు ఎక్కారు. నాలుగుసార్లూ వెంట చుట్టాలున్నారు. కింద ద్వారం దగ్గర ఒకరు చప్పట్లు కొట్టడం, పైన బాలాహిస్సార్ దగ్గర నిలబడ్డవాళ్లకి వినపడిందో లేదో సెల్‌ఫోన్ చేసి కనుక్కోవడం! కుతుబ్‌షాహీల ఇంజినీర్లు వింటే ఏమనుకునేవారో.

చుట్టాలకి ఊరు చూపించడానికి అందరిళ్లలోనూ దాదాపు ఒకటే పట్టిక ఉంటుంది. మొదటిరోజు బిర్లామందిర్, ట్యాంక్‌బండ్, పడవలో బుద్ధుడి దాకా. రెండోరోజు చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు, సాలార్‌జంగ్‌లో గడియారం. గంట గంటకీ అందులోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు చూడొచ్చని అరగంట ముందే కుర్చీలు పట్టుకునేవాళ్లున్నారు. మూడోరోజు జూ. మధ్యలో ఒక బిరియానీ, ఒక ఇరానీ చాయ్. తిరుగు ప్రయాణంలో సంచీలో పెట్టడానికి ఉస్మానియా బిస్కట్లు.

ఆ ఇంటికి ఏటా వచ్చే చుట్టాల్లో మొదటివాళ్లు ఆయన అమ్మానాన్నలే. తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. సంక్రాంతి సందడి అయిపోగానే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగేవారు. దిగేది ఇద్దరే అయినా సామాను మాత్రం ఆరుగురిది. అరిసెలు, సున్నుండలు, తేగల కట్ట, బెల్లం, పెరటి కొబ్బరికాయలు. 'హైదరాబాద్‌లో కొబ్బరికాయలు దొరకవా నాన్నా?' అని కొడుకు ఏటా విసుక్కునేవాడు. 'దొరుకుతాయిరా. మనవి దొరకవు' అని ఆయన ఏటా అదే జవాబు చెప్పేవారు.

పెద్దాయనకి చార్మినార్ మీదా గోల్కొండ మీదా పెద్ద మోజు లేదు. ఆయన రాకంతా నాంపల్లి ఎగ్జిబిషన్ కోసమే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. కాశ్మీరు శాలువాలు, చేనేత చీరలు, జెయింట్ వీలు... ఇవన్నీ దాటుకుని ఆయన నేరుగా కూరగాయలు తరిగే మిషన్ల దగ్గరికి వెళ్లి నిలబడేవారు. అక్కడి కుర్రాడు మైకు మెడకి తగిలించుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే క్యారెట్‌ని పువ్వులా, ముల్లంగిని జాలీలా కోసి పడేస్తాడు. ఆయన ఓ అరగంట చూసి, ఒకటి కొనేవారు. ఇంటికొచ్చాక అది క్యారెట్ సంగతి దేవుడెరుగు, దోసకాయనైనా కోసేది కాదు. మళ్లీ ఏడాది మళ్లీ కొనేవారు. 'అటక మీద ఇప్పటికి ఆరున్నాయి' అని పెద్దావిడ కోడలి దగ్గర వాపోయేది. కరోనా మూలంగా 2021లో ఎగ్జిబిషన్ జరగలేదు. ఆ ఏడు ఆయన రానూ లేదు.

2023 వానాకాలంలో పెద్దాయన పోయారు.

సంవత్సరీకం అయ్యేదాకా పెద్దావిడ ఊళ్లోనే ఉంది. ఆ తర్వాత, 2025 వేసవి సెలవుల్లో, 'ఇంక ఒక్కదానివీ అక్కడెందుకమ్మా' అని కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. పిల్లాడు చదువుకునే గదిలో ఆవిడకి మంచం వేశారు. బీరువాలో రెండు అరలు ఖాళీ చేశారు. ఇంక రానుపోనూ టికెట్లు తీసే పనిలేదని కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు.

అమ్మకి దిగులు లేకుండా చూడాలి. అందుకు ఆయనకి తెలిసిన మార్గం ఒక్కటే, బయటికి తీసుకెళ్లడం. ఒక ఆదివారం మాల్. ఇంకో ఆదివారం బఫే హోటల్. అక్కడ అరవై రకాలుంటే ఆవిడ పళ్లెంలోకి పెరుగన్నం, ఓ అప్పడం వచ్చాయి. మూడో ఆదివారం దుర్గంచెరువు మీద తీగల వంతెన. ఆవిడ దేనికీ వద్దనలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని తయారయ్యేది. 'బాగుందిరా' అనేది. అన్నీ అయ్యాక ఆటోలో కూర్చుని, 'పాలేరు కొబ్బరికాయలు దింపించాడో లేదో' అనేది.

కోడలికి ఒక సంగతి కొడుకు కంటే ముందే తెలిసింది. బీరువాలో రెండు అరలూ ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ చీరలు మంచం కిందున్న సంచీలోంచి వస్తున్నాయి, ఉతికాక మళ్లీ ఆ సంచీలోకే వెళుతున్నాయి. నిజమే మరి. ఊరు చూపించేది ఎవరికి? చుట్టాలకి. వారం వారం తీసుకెళ్లి చూపిస్తున్నారంటే, ఏదో ఒకరోజు రైలెక్కించడం కూడా ఉంటుందనేగా! ఆ ఇంట్లో ఆవిడ ఇంకా చుట్టమే.

బస్సు దగ్గర కూడా ఇలాంటి పేచీయే వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి సిటీబస్సు ఉచితం. కోడలు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు చిరిగింది. అత్తగారు కూడా దర్జాగా కార్డు తీసింది. కండక్టరమ్మ అటూ ఇటూ తిప్పి, 'ఇది ఆంధ్రా అడ్రసు పెద్దమ్మా, టికెట్ తీసుకోవాలె' అంది. పక్కపక్కనే కూర్చున్న అత్తాకోడళ్లలో ఒకరిది సున్నా, ఒకరిది డబ్బులు! ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆ సౌకర్యం వచ్చింది. అంటే ఈ కార్డుతో అక్కడైతే ఫ్రీ. 'అడ్రసు మార్పించేద్దాం అమ్మా, పది నిమిషాల పని' అన్నాడు కొడుకు. 'చూద్దాంలే' అంది ఆవిడ. మనిషి మారినంత తేలిగ్గా అడ్రసు మార్చుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

ఒక బుధవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వాచ్‌మన్ భార్య రైతుబజారుకి వెళుతుంటే పెద్దావిడ కూడా చెప్పులేసుకుంది. రైతుబజార్లు 1999 జనవరిలో మొదలైనప్పుడు తాడేపల్లిగూడెంలో ఉన్నావిడకి అవేం కొత్త కాదు. బోర్డు మీద రాసిన ధరలన్నీ చదివింది. ఆనపకాయ ఎంత అని అడిగితే 'సొరకాయనా?' అన్నారు. గోంగూర ఉందా అంటే, అమ్మే ఆవిడ ఎదురుగా ఉన్న ఎర్రకాడల కట్టలు చూపించి, 'పుంటికూర తప్ప గోంగూర లేదు' అంది. రెండూ ఒకటేనని తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఎండుమిర్చి వేయాలా పచ్చిమిర్చి వేయాలా అన్నది తేలలేదు. నాలుగు కట్టలు తెచ్చి, ఆ సాయంత్రం పచ్చడి నూరింది. మాల్ నుంచి వచ్చాక ఎప్పుడూ లేనంత సేపు ఆ రోజు కబుర్లు చెప్పింది.

ఇక పెద్దావిడకి ఊళ్లో ఒక చెల్లెలుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో. కూకట్‌పల్లి నుంచి అక్కడికి ఒకప్పుడు 218 ఎక్కి, కోఠిలో దిగి ఇంకో బస్సు పట్టుకుంటే సగం పూట గడిచేది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వెళ్లాక గంటలోపు ప్రయాణం అయింది, మారే పని కూడా లేదు. అయినా మూడేళ్లుగా ఈ ఇంటివాళ్లు ఆ గడప తొక్కలేదు. తగాదాలేం లేవు. నగర మర్యాద అడ్డొచ్చింది, అంతే. ముందు ఫోన్ చెయ్యాలి. 'ఈ ఆదివారం ఉంటారా?' 'అయ్యో, ఈ వారం పిల్లకి పరీక్ష. వచ్చేవారం?' 'వచ్చేవారం మాకు పెళ్లుంది.' ఇలా నెలలు గడిచాక చివరికి, ఇద్దరికీ మధ్యలో ఉంటుందని అమీర్‌పేటలో ఒక హోటల్లో కలిశారు. రెండు కుటుంబాలూ, తొమ్మిది మంది, పొడుగు బల్ల. అక్క ఒక చివర, చెల్లెలు ఇంకో చివర. మెనూ ఇస్తే చెల్లెలు చూడకుండానే పక్కకి జరిపి, 'అక్క ఏం తింటే నాకూ అదే' అంది. అందరూ నవ్వారు. ఫొటో తీసుకున్నారు.

ఆ రాత్రి పెద్దావిడకి నిద్రపట్టలేదు. ఇంట్లో అందరికంటే ముందు పేపరు చదివే చెల్లెలు మెనూ వంక చూడలేదేం?

దసరాకి ముందు ఓ శుక్రవారం, గోంగూర పచ్చడి డబ్బాలో సర్దుకుని, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఆవిడ ఒక్కతే మెట్రో ఎక్కింది. టికెట్ ఎలా తీసుకోవాలో మనవడు నేర్పాడు. చెల్లెలికి ఫోన్ చెయ్యలేదు. అసలు ఫోన్ తీసుకెళ్లనేలేదు, ఇంట్లో ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయింది.

తలుపు తీసిన చెల్లెలు చేతికందేంత దగ్గర్లో ఉన్న అక్కని చూసి, 'ఎవరండీ?' అంది.

'నేనేనే.'

గొంతు విన్నాక పట్టుకుని ఏడ్చేసింది.

పెద్దావిడ వెంటనే ఏమీ అడగలేదు. వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు డబ్బా మూతకి రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. పంచదార డబ్బాకి లేదు. వేలితో తడిమి తెలుసుకోవడానికన్నమాట. చెల్లెలు బియ్యంలో రాళ్లు కూడా వేళ్లతోనే వెతుకుతోంది. భోజనాలయ్యాక చాప మీద నడుం వాల్చి అప్పుడు అడిగింది.

'ఎన్నాళ్లయిందే?'

'ఉగాది ముందు నుంచే. రెండు కళ్లల్లోనూ శుక్లాలంట. డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నాడు.'

'వాడికి చెప్పావా?'

'వాడికి ఆఫీసులో ఊపిరాడట్లేదక్కా. కోడలికి సెలవుల్లేవు. చుక్కలమందు రోజుకి నాలుగైదుసార్లు వెయ్యాలంట. ఎవరు కూర్చుంటారు? నేనే చెప్పలేదు.'

హోటల్ బల్ల దగ్గర రెండు గంటలు కూర్చున్నా తొమ్మిది మందిలో ఒక్కరికీ తెలియని సంగతి, వంటింట్లో ఒక రబ్బరుబ్యాండు చెప్పేసింది.

ఇక్కడ కూకట్‌పల్లిలో ఇంకో భాగోతం. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడికి నాయనమ్మ కనపడలేదు. ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది. బ్యాంకు నుంచి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. రైతుబజారంతా వెతికారు. చివరికి పిన్నికి ఫోన్ చేస్తే, 'మీ అమ్మ ఇక్కడే పడుకుని నిద్రపోతోందిరా' అంది తాపీగా. ముగ్గురూ అప్పటికప్పుడు మెట్రో ఎక్కారు. వెళ్లేసరికి రాత్రి ఎనిమిది. పిల్లాడు గుమ్మంలో నిలబడి, 'చిన్ననాయనమ్మకి ఇల్లుందా?' అన్నాడు. వాడి తప్పు లేదు. ఊహ తెలిశాక ఆవిడని ఫంక్షన్‌హాళ్లలోనూ హోటళ్లలోనూ తప్ప చూడలేదు.

చెప్పాపెట్టకుండా ముగ్గురొస్తే ఉన్న అన్నం చాల్లేదు. ఉప్మా చేశారు. ఉప్మాలో గోంగూర పచ్చడి సాధారణంగా ఎవరూ వేసుకోరు. ఆ రాత్రి అందరూ వేసుకున్నారు. తినడం అయ్యాక పెద్దావిడ చెల్లెలి కొడుకుని కూర్చోబెట్టి సంగతి చెప్పింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, ఆ రెండు డబ్బాలూ చూసొచ్చాడు.

దసరా వెళ్లాక ఒక కంటికి, దీపావళి తర్వాత రెండో కంటికి ఆపరేషన్ అయింది. రెండుసార్లూ పెద్దావిడ మంచం కింది సంచీ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మకాం పెట్టింది. గడియారం చూసి చుక్కలు వేసింది. ఎవరూ సెలవు పెట్టాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు వారానికోసారి ఆవిడైనా వెళుతుంది, లేకపోతే చెల్లెలైనా వస్తుంది. ఫోన్లు చేసుకోవడం లేదు. ఇంట్లో లేకపోతే పక్కింట్లో కూర్చుంటారట. ఆధార్‌లో అడ్రసు ఇంకా మారలేదు. బస్సెక్కితే ఆవిడ టికెట్ డబ్బులు చిల్లరతో సహా ముందే తీసి పట్టుకుంటుంది.

మొన్న జనవరిలో ఊరి నుంచి పెద్దావిడ అన్నయ్య, వదిన వచ్చారు. ఆదివారం చార్మినార్ చూపిస్తానని కొడుకు అన్నాడు గానీ, అప్పటిదాకా ఆగలేక మంగళవారమే ఆవిడ వాళ్లని బయల్దేరదీసింది. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్. కదిలే మెట్ల మీద కాలు పెట్టడానికి వదిన భయపడితే చెయ్యి పట్టుకుని ఎక్కించింది. దిగాక చెల్లెలు కూడా వాళ్లతో కలిసింది. కొత్త కళ్లు వచ్చాక ఎగ్జిబిషన్ చూడటం ఆవిడకి ఇదే మొదటిసారి. శాలువాల ధరలన్నీ పైకి చదువుతూ నడిచింది. మిర్చిబజ్జీలు తిన్నారు. అన్నయ్యగారు మాత్రం కూరగాయలు తరిగే మిషను ముందు ఆగిపోయారు. కుర్రాడు మైకులో మాట్లాడుతూనే క్యారెట్‌ని పువ్వులా కోసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టారు.

'వద్దన్నయ్యా' అంది పెద్దావిడ. 'ఇంటికెళితే తెగదు.'

అని, తను మాత్రం అక్కడి నుంచి కదలకుండా ఇంకో క్యారెట్ అయ్యేదాకా చూసింది.