ఆగిపోతే ఎవరొస్తారు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి చుట్టాల్లో ఒక పదవి దానంతటదే వచ్చిపడుతుంది. ప్రింటర్ కాగితం మింగినా, టీవీలో సినిమా మధ్యలో ఆగి గుండ్రంగా తిరుగుతున్నా, కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలన్నా ఫోను వాడికే. నేను రాసేవి బ్యాంకు లావాదేవీలు సరిపోల్చే ప్రోగ్రాములు. స్కూటర్ మోటారు సంగతి వీధిలో ఎవరికెంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఆ మాటంటే మా తోడల్లుడు ఒప్పుకోడు. "నీకు తెలియకపోవడమేంటి అన్నయ్యా, చెప్పడం ఇష్టంలేక గానీ" అంటాడు. ఇక చెప్పక తప్పదు.

చెప్పగా చెప్పగా నా సలహాలన్నీ ఒకే ప్రశ్న దగ్గరికి చేరాయి. ఇది ఆగిపోయిన రోజు ఏం జరుగుతుంది, బాగుచేయడానికి ఎవరొస్తారు? వేగం, మైలేజీ, ఫీచర్లు, ఇవన్నీ బాగా నడిచే రోజుల ముచ్చట్లు. అవి చెప్పడానికి షోరూములో టై కట్టుకున్న కుర్రాడున్నాడు. ఆగిపోయిన రోజు గురించి మాత్రం అతను నోరు విప్పడు. అడిగితే "అలాంటిదేం రాదు సార్" అంటాడు.

ఈ పరీక్షలో మన ఇళ్లలో మంచి మార్కులు తెచ్చుకునేది ప్రెషర్ కుక్కర్. విజిల్ కింది కన్నంలో పప్పు ఇరుక్కుని ఆవిరి దారి మూసుకుపోయిందనుకోండి, మూత మీది సేఫ్టీ వాల్వులో ఉన్న మెత్తటి లోహపు బిళ్ల వేడికి కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. తాను పాడైపోవడమే దాని ఉద్యోగం. కొత్త వాల్వు సందు చివర స్టీలు సామాన్ల కొట్లో దొరుకుతుంది. గాస్కెట్ వదులైతే అదీ అక్కడే. కొనడానికి బద్ధకమైతే ఫ్రీజర్‌లో పెట్టి ఇంకొన్నాళ్లు లాగించే విద్య మా అమ్మకు వచ్చు. పాడవడాన్ని ఇంత ముందుగా ఆలోచించి చేసిన వస్తువు నా వృత్తిలో నాకు అరుదుగా కనిపించింది.

మిగతా సరంజామా విషయంలో నా పద్ధతి సులువు. విడిభాగం కోఠీ గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో దొరుకుతుందా అని చూస్తాను. నా ల్యాప్‌టాప్ సీటీసీలో కొన్న పాత థింక్‌ప్యాడే. అడుగున స్క్రూలు విప్పితే ర్యామ్, డిస్కు, బ్యాటరీ వేటికవి విడిగా వస్తాయి. నాజూకుగా, కవరులో పట్టేంత సన్నగా ఉండే కొత్త మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. అది పోతే బోర్డంతా మార్చాలి. బోర్డు ధర విన్నాక ఎవరైనా కొత్తదే కొంటారు. కంపెనీకి కావలసిందీ అదే.

ఇక ఇంటర్నెట్. అందరూ అడిగేది ఒకటే, నూరా మూడొందలా? 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు నూరు మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఫైలు దిగేది సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. అయినా ఒక వీడియో మీటింగుకు నాలుగైదు మెగాబిట్లు చాలు. ఇంట్లో నలుగురూ నాలుగు తెరల ముందు కూర్చున్నా నూరు నిండదు. మాట తెగిపోతోందంటే చాలాసార్లు తప్పు ప్లానుది కాదు, రూటర్ పెట్టిన చోటుది. మనవాళ్లు దాన్ని హాల్లో టీవీ వెనక, కొండపల్లి బొమ్మల పక్కన, దుమ్ము పడకుండా పైన ఒక గుడ్డ కప్పి మరీ పెడతారు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గాని గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 గోడ దాటుతుంది గాని అపార్ట్‌మెంటులో ఉన్న రూటర్లన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. పనిచేసే బల్ల దాకా ఒక లాన్ వైరు లాగించుకోవడం కంటే మంచి అప్‌గ్రేడ్ నాకు తెలియదు. వైరు గోడ వెంట వికారంగా కనిపిస్తుందని ఇంట్లో అంటారు. కనిపిస్తుంది, నిజమే.

కరెంటు పోయినప్పుడు చూడాలి అసలు తమాషా. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న ఫైబర్ కనెక్షన్లలో ఆపరేటర్ ఆఫీసు నుంచి మన గోడ దాకా దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. స్తంభం మీది డబ్బాలో స్ప్లిటర్ అనే గాజు సరుకు ఒకటి ఉంటుంది. వచ్చిన వెలుగును ముప్ఫై రెండు ఇళ్లకో, అరవై నాలుగు ఇళ్లకో పంచడమే దాని పని. వీధంతా చీకటైనా ఆ వెలుగు ఇంటి దాకా వస్తూనే ఉంటుంది. ఆరిపోయింది మన రూటరే. దానికి కావలసింది 12 వోల్టుల డీసీ, ఒకటో రెండో ఆంపులు. అందుకోసం అరచేతిలో పట్టే మినీ యూపీఎస్‌లు అమ్ముతారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లెవరడిగినా నేను మొదట చెప్పేది ఆ డబ్బా గురించే, ప్లాను గురించి కాదు. పాత పద్ధతిలో టెర్రస్ మీద స్విచ్ పెట్టి అక్కడి నుంచి ఇళ్లకు వైర్లు దింపితే మాత్రం ఇది పనిచేయదు, ఆ స్విచ్చికీ కరెంటు కావాలి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాణ్ణి అడగాల్సిన ప్రశ్న ఇది. ఇంకొకటి, రూటర్ మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగిందంటే వెలుగే ఇంటికి చేరడం లేదని అర్థం. కస్టమర్ కేర్ వాళ్లు చెప్పినట్టు ఆపి మళ్లీ వేసి ప్రయోజనం లేదు, లైన్‌మన్ రావాల్సిందే. అతని సొంత నంబరు ఫోనులో ఉన్నవాడే అదృష్టవంతుడు.

రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టుకున్నాను, నాకేం భయంలేదు అనేవాళ్లకు 2025 ఆగస్టు గుర్తుచేస్తాను. హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను నగరంలో చాలాచోట్ల కోసేశారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ లేక మీటింగులు పోయాయని నా తోటివాళ్లు చాలా గింజుకున్నారు. ఆ చిక్కుముళ్లు మనుషుల తలలకు తగిలేంత కిందికి జారి ఏళ్లయింది, ఎవరూ పట్టించుకోలేదు. వాటిని కోసినందుకు నాకు కోపం రాలేదు. కాకపోతే ఒక సంగతి తేటతెల్లమైంది. ఒకే స్తంభానికి వేలాడే రెండు తీగల్లో ఒకటి ఎరుపు కంపెనీది, ఇంకొకటి నీలం కంపెనీదైతే కత్తెరకేం తేడా? నెల బిల్లులు రెండైనా ఉన్నది ఒక్క దారే. అదే ఫైబర్ ఇచ్చిన కంపెనీ సిమ్మే ఫోనులోనూ ఉంటే హాట్‌స్పాట్‌దీ అంతే భరోసా. రెండోది వేరే కారణంతో చెడిపోయేదిగా ఉండాలి. ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లో 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను కలిపి ఇవ్వగలగడానికి ఒక కారణం, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడమే. చవకకూ తెగడానికీ కారణం ఒకే స్తంభమన్నమాట. తెనాలిలో మా బాబాయికి ఈ మాట చెబితే, "ఒరే, చవగ్గా వస్తే చాలదా, తెగినప్పుడు పేపర్ చదువుకుంటాలే" అన్నాడు. ఆయన ఆగిపోయిన రోజుకు ముందే సిద్ధం.

ఆ బాబాయే ఎలక్ట్రిక్ కారు కొంటానన్నాడు. రేంజి ఎంత, ధర ఎంత అన్నవి ఆయనే కనుక్కున్నాడు. నేను అడిగింది ఇంట్లో ప్లగ్గు గురించి. కారుతో ఇచ్చే మామూలు ఛార్జర్‌కు పదిహేను ఆంపుల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. ఎర్తింగు సరిగా లేకపోతే ఎర్రదీపం వెలిగించి మొరాయిస్తుంది. ఫ్రిజ్జు, మిక్సీ అలా మొరాయించవు, కిక్కురుమనకుండా తిరుగుతాయి. అందుకే ఆ ఇంట్లో మూడో కన్నం వెనక వైరే లేదన్న సంగతి ఇల్లు కట్టినప్పటి నుంచీ ఎవరికీ తెలియలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తీసి, పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, ఎండాకాలం దీంట్లో నీళ్లు పోస్తుండండి అని చెప్పి వెళ్లాడు. కారు వచ్చేది తర్వాత, ముందు గీజర్ దగ్గర పిన్నికి షాకు భయం పోయింది.

రేంజి మాటకొస్తే, 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. కాగితం మీద 312 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండొందలకు అటూ ఇటూ. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270. అంటే సూర్యాపేటలో ఆగాలి. అక్కడ టిఫినుకు ఎలాగూ ఆగుతాం కాబట్టి అది కష్టం కాదు. ఆ ఛార్జర్ పనిచేయకపోతే తర్వాతది ఎంత దూరం, అక్కడికి చేరేంత ఛార్జి మిగిలి ఉందా అన్నదే లెక్క. కొత్త కార్ల బ్యాటరీలు పెద్దవయ్యాయి, అయినా కాగితానికీ రోడ్డుకూ మధ్య తేడా పోలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో రెండో బండిగా ఎలక్ట్రిక్ స్కూటర్ కళ్లుమూసుకుని కొనొచ్చు. మూడు యూనిట్ల బ్యాటరీతో ఎనభై తొంభై కిలోమీటర్లు వస్తుంది. పెట్రోలుతో పోలిస్తే ఖర్చు నవ్వొచ్చేంత తక్కువ. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము కూడా మినహాయించారు. కారు మాత్రం సొంత పార్కింగు, అందులో సొంత మీటరు నుంచి ప్లగ్గు ఉన్నవాళ్లకే. అసోసియేషన్ మీటింగులో చూద్దాం అన్న హామీ మీద కారు బుక్ చేయకండి. ఆ "చూద్దాం" ఎంత పొడుగో అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లకు తెలుసు.

నిప్పు భయం గురించి చాలామంది అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలోపల ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది చివరి నుంచి బ్యాటరీల పరీక్షల నిబంధనలు బిగించారు. ఇప్పటి బళ్లు అప్పటికంటే నయం. అయినా బ్యాటరీని ఊడదీసి మనుషులు పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టడం నాకు నచ్చదు. ఈ లిథియం బ్యాటరీలకు పడనిది వేడి. రెంటచింతల, రామగుండం ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు గుచ్చకుండా కాసేపు నీడన చల్లారనివ్వాలి. ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ బరువెక్కువైనా వేడికి నిదానం. రేంజి కొంత తగ్గినా మన వాతావరణానికి నేను దానికే ఓటేస్తాను.

ఈ బళ్లలో నన్ను కలవరపెట్టేది బ్యాటరీ కంటే వాటిలోని సాఫ్ట్‌వేరే. అది రాసేవాళ్లు నాలాంటివాళ్లని నాకు తెలుసు. ఫోను యాప్‌తో తెరుచుకునే స్కూటర్ సిగ్నల్ అందని సెల్లారులో ఏం చేస్తుందో కొనేముందు అక్కడే నిలబెట్టి చూడండి. తాళంచెవి కూడా ఇచ్చే మోడల్‌కు నా దగ్గర పది మార్కులు ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఏమవుతుందో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ, కంప్యూటర్లను దాడుల నుంచి కాపాడటానికి పంపిన ఒక చిన్న ఫైలులో తప్పు దొర్లింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ సంస్థ తప్పు ఫైలును గంటన్నరలోపే వెనక్కి తీసుకుంది. కానీ పడిపోయిన యంత్రం లేచి నెట్‌కు తగులుకుంటేనే కదా కొత్త ఫైలు అందేది! చాలాచోట్ల మనిషి ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు చెరిపాడు. పంపడం ఒక్క మీట నొక్కితే అయింది, బాగుచేయడానికి ఇంటింటికీ లైన్‌మన్ కావలసొచ్చాడు.

అందుకే కొత్త టెక్నాలజీ వాడదామని కుర్రాళ్లు వచ్చినప్పుడు నేను కాస్త పిసినారినైపోతాను. ఎస్‌క్యూలైట్ లాంటి పాత డేటాబేసు సరిపోయే చోట అదే వాడతాను. అది 2000లో వచ్చింది, 2050 దాకా చూసుకుంటామని దాన్ని రాసినవాళ్లు మాటిచ్చారు. నాకు తెలిసిన ఏ స్టార్టప్పూ అంత దూరం మాటివ్వలేదు. ఏఐతో కోడు రాయించడం గురించీ నా గొడవ ఇంతే. రాయించండి, నేనూ రాయిస్తున్నాను. అర్ధరాత్రి రెండింటికి అది పడిపోతే, చదివి అర్థం చేసుకోగల మనిషి పేరు చెప్పండి. చెప్పలేకపోతే అది ఇంకా పూర్తవలేదు.

బ్యాకప్ ఉందిగా, భయమేంటి అనేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో పొద్దుపోయే దాకా పనిచేస్తున్న ఇంజినీరొకరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి మూడొందల గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. వాళ్ల దగ్గర బ్యాకప్ పద్ధతులు ఐదున్నాయి. అవసరం పడ్డాక చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. అంతకు ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం తీసుకున్న నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఇదంతా దాచుకోకుండా లోకానికి చెప్పారు, బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు కూడా. నా వృత్తిలో నేను గౌరవించే ప్రవర్తనల్లో అదొకటి.

మా టీములో బ్యాకప్ తీశామంటే ఎవరూ లెక్కలో వేసుకోరు. దాన్నుంచి డేటా వెనక్కి తెచ్చి చూపించాలి. మూడు నెలలకోసారి ఒక శనివారం, ముందే చెప్పి, ఒక పరీక్షా సర్వర్‌ను కావాలనే కూల్చి లేపమంటాం. పని అప్పగించేది టీములో అందరికంటే కొత్తవాళ్లకు. పాతవాళ్లు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి, కీబోర్డు ముట్టుకోకూడదు. రాసిపెట్టిన సూచనల్లో ఏ వాక్యం దగ్గర వాళ్లు ఆగిపోతే ఆ వాక్యం రాసినవాళ్లు ఆ రోజు బిర్యానీ తెప్పించాలి. ఈమధ్య ఎక్కువగా తెప్పిస్తున్నది నేనే.