అడ్డేమైనా ఉందా?

ఉద్యోగమంటే పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని గడప దాటి వెళ్లేదని మా తరం వాళ్ల నమ్మకం. గడప దాటితేనే జీతం. దాటకపోతే ఎంత చాకిరీ చేసినా అది "ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనే ఖాతాలో పడిపోతుంది. ఈ లెక్క నేను రాసింది కాదు, మా అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. అలాంటిది 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, మా కోడలు తన ఆఫీసు మొత్తాన్ని ఒక సంచీలో సర్దుకుని హైదరాబాదు నుంచి ఆత్మకూరు తెచ్చేసింది. మా ముందు గదిలో, కుట్టుమిషను పక్కన మకాం పెట్టించింది. ఇప్పుడు లాక్‌డౌన్లు లేకపోయినా నెలకు వారం పదిరోజులు ఆ ఆఫీసు మా ఇంట్లోనే ఉంటుంది.

ఏ ఆత్మకూరు అంటారేమో! న్యాయమే. నెల్లూరు వైపు ఒకటుంది, నంద్యాల వైపు ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి, సూర్యాపేట దగ్గర ఇంకొకటి. మాది ఒకప్పటి నల్లగొండ జిల్లాలోది, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. గుర్తు కోసం పేరు చివర 'ఎం' అని తగిలిస్తారు. ఆ ఒక్క అక్షరం రాయకపోవటం వల్ల, ఆఫీసు వాళ్లు పంపిన కంప్యూటరు ఛార్జరు నెల్లూరు జిల్లా అంతా చూసి, తీరిగ్గా పన్నెండు రోజులకు మా గుమ్మంలో దిగింది. ఆ యేడాది మా ఇంటిల్లిపాదిలోనూ దేశాటన యోగం దానికొక్కదానికే పట్టింది.

"ఇంతకీ మీ ఆఫీసులో చేసే పనేమిటమ్మా?" అని అడిగితే, "డిజిటల్ ఏజెన్సీ అత్తమ్మా" అంది. ఆ మాటతో నాకు తెలిసిందేమీ లేదు గాని, నాలుగు రోజులు చూశాక నా భాషలోకి మార్చుకున్నాను. వెనక కొత్త సినిమా వస్తే రిక్షాకు బోర్డు కట్టి, మైకులో అరుస్తూ రంగు కాగితాలు పంచేవాళ్లు కదా. ఊళ్లో ఏదైనా చెప్పాలంటే డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్లు. గోడకు సున్నం పూసి సబ్బుల పేర్లు రాసేవాళ్లు. ఆ రిక్షా, ఆ డప్పు, ఆ గోడ మూడూ ఇప్పుడు సెల్‌ఫోనులో దూరాయి. నగల దుకాణానికో, పచ్చళ్ల కంపెనీకో, పళ్ల డాక్టరుకో వెబ్‌సైటు కట్టి, బొమ్మలు వేసి, రెండు ముక్కల్లో నోరూరించే మాటలు రాసి, ఎంతమంది చూశారో లెక్క చెప్పటం వీళ్ల పని.

అందరూ కలిసి ఎనిమిది మంది. ఆఫీసు పెట్టిన ఆవిడ ఒకరు. బొమ్మలబ్బాయి, లెక్కలమ్మాయి, వెబ్‌సైట్లు కట్టే కుర్రాళ్లు ఇద్దరు, బేరం ఇచ్చినవాళ్లతో ఓర్పుగా మాట్లాడే అమ్మాయి, అప్పుడే చేరిన చిన్నోడు, రాతపని చేసే మా కోడలు. పేర్లు నా నోట నిలవక నేను పెట్టుకున్న పేర్లివి.

వీళ్ల పంచాంగమే వేరు సుమండీ. మనకు ఆషాఢం నడుస్తుంటే వీళ్లకు శ్రావణ శుక్రవారం. మనం వినాయకుడికి పత్రి కోస్తుంటే వీళ్లు దీపావళి దీపాలు వెలిగించి, ఆర్పి, రంగు మార్చి మళ్లీ వెలిగిస్తుంటారు. తీరా నిజం పండుగ వచ్చేసరికి మా కోడలికి అది పాతబడిపోయి ఉంటుంది. ఇక బేరం ఇచ్చినవాళ్ల కోరిక ఎప్పుడూ ఒకటే: "మా పేరు ఇంకొంచెం పెద్దగా వెయ్యండి." మావారు ఏ కూర ముందు పెట్టినా "ఇంకొంచెం ఉప్పు" అన్నట్టు. పని ముగిసిందనుకుని ఒక బొమ్మకు 'ఫైనల్' అని పేరు పెడతారు. మర్నాడు 'కొత్త ఫైనల్'. ఆ తర్వాత 'ఇదే ఫైనల్'. ఒకరోజు 'ఒట్టు, ఇదే ఫైనల్' అని కూడా చూశాను.

కానీ నన్ను కట్టిపడేసింది వీళ్ల పొద్దుటి మీటింగు. సరిగ్గా పదింటికి. "అత్తమ్మా, జర పావుగంట మిక్సీ ఆపుతారా, స్టాండప్ ఉన్నది" అనేది. స్టాండప్ అంటే నిలబడి మాట్లాడుకోవటం. నిలబడితే కాళ్లు పీకి త్వరగా ముగిస్తారని పెద్దల ఆలోచనట. వీళ్లు మాత్రం ఎనిమిదిమందీ హాయిగా కూర్చునే ఉంటారు. వంతుల వారీగా ఒక్కొక్కరూ మూడే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశావు? ఇవాళ ఏం చేస్తావు? అడ్డేమైనా ఉందా?

ఆ మూడో ప్రశ్న విన్నరోజు నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

చిన్నోడు చెప్పాడు, వాళ్ల ఊళ్లో సాయంత్రం కరెంటు పోతుందని. వెంటనే ఆవిడ, "అయితే నీ పని పొద్దుటికి మారుద్దాం" అంది. లెక్కలమ్మాయి చెప్పింది, వాళ్ల నాన్నకు బాగాలేదు, మధ్యాహ్నం రెండు గంటలు ఆసుపత్రిలో ఉండాలని. బొమ్మలబ్బాయి "నీ నివేదిక నేను చూస్తాలే" అన్నాడు. ఎవరూ నిట్టూర్చలేదు. "మేమంతా చెయ్యటం లేదా" అని ఒక్కరూ అనలేదు. పావుగంటలో ఎనిమిదిమంది అడ్డాలూ సగం తొలగిపోయాయి.

ఈ పద్ధతి ఎక్కడిదని ఆరా తీశాను. 1986లో టకెయుచి, నొనాకా అనే ఇద్దరు జపాను ఆచార్యులు, మంచి జట్టు అంటే రగ్బీ ఆటగాళ్లలా బంతిని చేతులు మార్చుకుంటూ కలిసి పరుగెత్తాలని ఒక వ్యాసం రాశారట. ఆ ఆటలో అందరూ తలలు కలిపి తోసుకునే పట్టును స్క్రమ్ అంటారు. ఆ పేరుతోనే కంప్యూటరు వాళ్లు పని పద్ధతి అల్లుకున్నారు. తర్వాత 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో పదిహేడుమంది కంప్యూటరు నిపుణులు కూర్చుని, పనిచేసే మనుషులు ముఖ్యం, వాళ్ల మధ్య మాట ముఖ్యం అంటూ ఒక ప్రకటన రాశారు. పదిహేడుమందీ మగవాళ్లే! వంటిల్లు నడిపే ఇల్లాలు ఒక్కతె అక్కడ ఉన్నా ఆ ముక్క ఇంకా ముందే చెప్పి ఉండేది. 2020 నవంబరులో ఆ స్క్రమ్ పుస్తకాన్ని సవరించి మూడు ప్రశ్నలూ తీసేశారట గాని, మా ముందు గదిలో మాత్రం అవి నిక్షేపంగా ఉన్నాయి.

ఆ యేడాది బతుకమ్మ బొమ్మ ఒకటి వేశారు. బొమ్మలబ్బాయిది మన ప్రాంతం కాదు. చక్కగా బంతిపూలు గుండ్రంగా పేర్చి బతుకమ్మ అన్నాడు. కోడలు నాకు చూపించింది. "తంగేడు ఏదమ్మా? గునుగు ఏది? అడుగున వెడల్పు, పైకి పోను పోను సన్నం, కొసన పసుపు గౌరమ్మ. ఇది చూస్తే మా ఊరి ఆడవాళ్లు మీ దుకాణం మెట్లెక్కరు" అన్నాను. మర్నాడు స్టాండప్‌లో ఆ అబ్బాయి "నిన్న తప్పు సరిచేసింది ఆత్మకూరు అత్తమ్మ" అని అందరి ముందూ చెప్పాడు. ఎనిమిదిమందీ చప్పట్లు కొట్టారు. నలభై యేళ్లలో నేను పేర్చిన బతుకమ్మలు ఎన్నో. చేసిన పనికి నా పేరు పెట్టి చెప్పటం మాత్రం అదే మొదలు.

అయితే అంతా తేనె పాకమే అనుకోకండి. ఆ వానకాలంలోనే దుకాణాలు మూతబడి వీళ్ల బేరాలు సగానికి పడిపోయాయి. ఒక సాయంత్రం ఆవిడ అందరినీ పిలిచి, "మనమంతా ఒక కుటుంబం" అని మొదలుపెట్టింది. మా కోడలు మైకు ఆపి, నా వైపు తిరిగి మెల్లగా, "కుటుంబం అన్నారంటే జీతం తగ్గిస్తరు అత్తమ్మా" అంది. అన్నట్టే అయింది. మూడోవంతు కోత, నాలుగు నెలలు. కానీ ఒకటి చెప్పాలి. ఆవిడ ఆదాయం, అద్దె, అప్పు అన్నీ తెర మీద పెట్టి చూపించింది. తన జీతం పూర్తిగా మానుకుంది. చిన్నోణ్ణి తీసేస్తే కోత తగ్గుతుందని ఒకరు అంటే, మిగతావాళ్లే ఒప్పుకోలేదు. దసరా దాటాక జీతాలు మామూలయ్యాయి. కోసింది మాత్రం తిరిగి రాలేదు.

కుటుంబం అనే మాటకు ఇంకో చిక్కు కూడా ఉంది. కుటుంబంలో గడియారం ఉండదు. రాత్రి తొమ్మిదింటికి, కంచం ముందు కూర్చున్నాక, "చిన్న పని, ఐదు నిమిషాలే" అని ఫోను మోగేది. ఆ ఐదు నిమిషాలు పదకొండు దాకా సాగేవి. పప్పు చల్లారిపోయేది. మూడుసార్లు చూసి నాలుగోసారి నేనే అడిగాను: "ఈ సంగతి మీ మూడో ప్రశ్నలో చెప్పవేమమ్మా?" కోడలు కాసేపు ఊరుకుంది. మర్నాడు తన వంతు రాగానే, "నాకు అడ్డం రాత్రి తొమ్మిది గంటల పని" అంది. ఒక నిమిషం అవతల చప్పుడు లేదు. తర్వాత లెక్కలమ్మాయి "నాకూ" అంది. బొమ్మలబ్బాయి "నాకూ" అన్నాడు. వారం తిరిగేసరికి ఏడు దాటితే ఏ సందేశమైనా మర్నాటికే అని కట్టుబాటు చేసుకున్నారు. అప్పుడప్పుడూ తప్పుతారు గాని, తప్పినవాళ్లు క్షమించమని రాస్తారు.

అడ్డం ఏమిటో కనిపెట్టటం ఎంత గొప్ప పనో తెలియాలంటే మా ఆలేరు దాకా వస్తే చాలు. అక్కడి చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మమ్మగారు మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, ఒక్క చీరకే తొమ్మిదివేలసార్లు చెయ్యి ఆడించాలి. భుజం పడిపోయేది. అది అందరిళ్లల్లోనూ ఉన్న నొప్పే, ఎవరూ అడ్డం అనుకోలేదు. ఆరో తరగతితో చదువాపిన ఆ కొడుకు అనుకున్నాడు. యేళ్ల తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని ఏ ఆఫీసులోనూ ఎవరూ స్టాండప్‌లో కూర్చోబెట్టలేదు. అమ్మ భుజం వైపు చూశాడు, అంతే.

ఇదంతా చూశాక నేనూ ఊరుకోలేదు. మా ఇంట్లో పొద్దున చాయ దగ్గర స్టాండప్ పెట్టాను. మావారు పదవీ విరమణ చేసిన పంతులుగారు. ముందు ఆయన వంతు. "నిన్న పేపరు చదివిన. ఇయ్యాల పేపరు చదువుత. అడ్డం అంటవా, నువ్వే" అన్నారు. మా అబ్బాయి పగలబడి నవ్వాడు. సరే, నవ్వనిచ్చాను. నా వంతు వచ్చింది.

"నిన్న నలుగురికి మూడు పూటలా వండాను. ఇవాళా వండుతాను. అడ్డాలు చెప్పమంటారా? మిక్సీ జారుకు మూత బిగియదు, చేత్తో నొక్కి పట్టాలి. నల్లా ఐదింటికి వస్తుంది, నేనొక్కదాన్నే లేవాలి. పప్పుల డబ్బాలు పై అరలో ఉన్నాయి, నా మోకాలికి స్టూలెక్కటం చేతకాదు. ఆదివారం అందరికీ సెలవు, నాకు రెట్టింపు పని." ఇంకా చెబుతూనే ఉన్నాను. చాయ చల్లారింది. నవ్వు కూడా ఆగింది.

మావారు పేపరు మడిచి, "ఇన్ని ఉన్నయా? ఎప్పుడు చెప్పలే" అన్నారు. "ఎప్పుడూ అడగలేదుగా" అన్నాను. అంతకు మించి పేచీ పెట్టలేదు. ఆ సాయంత్రం డబ్బాలు కింది అరలోకి దిగాయి. మర్నాడు ఐదింటికి నల్లా దగ్గర బిందె చప్పుడైతే దొంగలేమోనని లేచి చూశాను. మావారు!

మా ఆడపడుచు చూడ్డానికొచ్చి, "కోడలు లోపల తలుపేసుకుని కూర్చుంటే నువ్వు సర్వపిండి కాలుస్తున్నవా వదినా?" అంది. "లేదమ్మా, ఇవాళ పిండి నాది, అంట్లు మీ అన్నయ్యవి, సాయంత్రం వంట దానిది. పొద్దున్నే మాట్లాడుకున్నాం" అన్నాను. ఆవిడ మా వారివైపు చూసిన చూపు మాటల్లో పెట్టలేను.

ఈమధ్య ఏ కంపెనీ చూసినా "మేమంతా ఒకే కుటుంబం" అని గోడ మీద రాసుకుంటున్నారు. అలా రాసుకోకపోయినా నష్టం లేదని నాకనిపిస్తుంది. ఆఫీసు ఆఫీసులాగానే ఉండి, చేసిన పనికి పేరు చెప్పి, ఏడింటికి వదిలిపెడితే అంతకన్నా ఏం కావాలి? కుటుంబాలే కాస్త ఆఫీసు నేర్చుకోవాలి. జీతం ఎలాగూ ఇవ్వరనుకోండి. కనీసం ఎవరు ఏం చేశారో చెప్పుకోవటానికి, ఎవరికేం కష్టంగా ఉందో అడగటానికి పావుగంట చాలు. మొదటి రెండు ప్రశ్నలూ మరిచిపోయినా ఫరవాలేదు. మన పని కళ్లముందే ఉంటుంది, చూసేవాళ్లుంటే కనబడుతుంది. మూడోది మాత్రం నోరు తెరిచి అడిగితే తప్ప బయటికి రాదు. మీ ఇంట్లో ముందు ఎవరినడగాలో మీకే బాగా తెలుసు.