బావి దగ్గర అరగంట

మధురపూడి విమానాశ్రయంలో హెలికాప్టర్ ఎక్కే ముందు మనిషినీ సంచినీ కలిపి తూస్తారు. లైఫ్ జాకెట్ బిగించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆగస్టు నెల, గోదావరి నిండుగా ఉంది. కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, కోరంగి మడ అడవులు వరసగా వెనక్కి జరిగిపోయాయి. తీరం దాటాక కూడా చాలాదూరం సముద్రం వరదమట్టి రంగులోనే ఉంది. కోట్ల ఏళ్లుగా కృష్ణా గోదావరులు తెచ్చిపోసిన ఒండ్రులోనే మేం వెతికే గ్యాస్ ఉంది.

కుడివైపు, చూపు ఆనని చోట పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి పేలినప్పుడు నేను కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. స్నేహితులతో బస్సెక్కి వెళ్లి, పోలీసులు ఆపినచోట నిలబడి చూశాను. అర్ధరాత్రి పట్టపగల్లా ఉంది. ఇల్లు వదిలొచ్చిన ఒక ముసలావిడ "ఎప్పుడాపుతారు బాబూ?" అని నన్నడిగింది. రెండు నెలలు దాటాక గాని ఆ మంట ఆగలేదు. ఆ ప్రశ్నే నన్ను ఈ ఉద్యోగంలోకి తెచ్చింది.

నీళ్లు ముదురు నీలంలోకి మారాక డ్రిల్లింగ్ ఓడ కనిపించింది. అక్కడ లోతు రెండు వేల మీటర్ల పైమాటే. లంగరు వేసే పని లేదు. ఉపగ్రహాల లెక్క ప్రకారం ఓడ అడుగునున్న థ్రస్టర్లు తిరుగుతూ దాన్ని బావి మీదే నిలబెడతాయి. అడుగున నీటి వేడి నాలుగు డిగ్రీల లోపే, ఒత్తిడి మన గాలికి రెండు వందల రెట్లు. ఆ చలికీ ఒత్తిడికీ గ్యాసూ నీళ్లూ కలిసి మంచులా గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. మనిషి దిగలేడు కనుక అక్కడి పనంతా రోబోలదే. తెర మీద వాటి దీపం వెలుతురులో బావిమూతి చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు డ్రిల్లింగ్ ఆగింది. కంట్రోల్ గదికి వెళ్లాను. అక్కడ డ్యూటీలో ఉన్నది రాజోలు కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"తిరిగొచ్చే మడ్ రెండు బ్యారెళ్లు ఎక్కువ చూపిస్తోందండి. ఆపమన్నాను సార్," అన్నాడు. గొంతు వణుకుతోంది. ఓడ అద్దె రోజుకు కోట్లలో ఉంటుందని అతనికి తెలుసు.

పైపులోంచి దింపే ఆ బురద బరువే కింది గ్యాస్‌ను అణచి ఉంచుతుంది. పంపినదానికన్నా ఎక్కువ తిరిగొస్తే బావిలోకి ఏదో చొరబడుతున్నట్టు. పంపులు ఆపి, బావి తనంతట తాను పొంగుతోందేమో చూడాలి.

చూస్తూ నిలబడ్డాం. నాకు మరో బావి గుర్తొచ్చింది. 2010 ఏప్రిల్ 20 రాత్రి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకొండో బావి పేలి, డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద పదకొండు మంది పోయారు. చమురు 87 రోజులు సముద్రంలోకి పొంగింది. దర్యాప్తు నివేదికలన్నీ చదివాను. ఆ రోజు బావి గట్టిగా మూసుకుందా అని చేసిన పరీక్షలో డ్రిల్ పైపు 1,400 పీఎస్ఐ ఒత్తిడి చూపించింది. ఉండకూడని అంకె అది. పక్క గొట్టంలో ప్రవాహం లేదు కదా అని, ఆ అంకెకు ఏదో సమాధానం చెప్పుకుని ముందుకెళ్లారు. ఆ పేజీ దగ్గర నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

అరగంట గడిచింది. బావి పొంగలేదు. అలల ఊపుకి ట్యాంకులో మట్టం తప్పు చూపించిందని తేలింది. కుర్రాడు తలదించుకున్నాడు.

"మళ్లీ అనుమానం వస్తే మళ్లీ ఆపు బాబూ. నన్ను అడగక్కర్లేదు," అన్నాను.

పొద్దున హెలికాప్టర్ వచ్చేలోగా రోజువారీ నివేదిక తెచ్చిచ్చాడు. "ఫ్లో చెక్, 30 నిమిషాలు, ప్రవాహం లేదు" అని రాశాడు. ఆపమన్నది ఎవరో రాయలేదు. అతని పేరు చేర్పించి, కింద సంతకం పెట్టాను.